కందిబేడల సాక్ష్యం

మా ఊరికి బోరు తెప్పించింది నేనే. ఆ బోరు నీళ్లు తాగొద్దని ఊరిమీద పడి కొట్లాడిందీ నేనే. మొదటిదానికి శాలువా కప్పారు, రెండోదానికి శాపనార్థాలు పెట్టారు. ఆ శాలువా ఎప్పుడో పేలికలైపోయింది, ఇప్పుడు దాని ముక్కతో కుక్కరు దించుకుంటున్నాం. శాపనార్థాలు మాత్రం ఒక్కటీ మరచిపోలేదు. ఎవరెవరు ఏమేమన్నారో వరుస తప్పకుండా చెప్పగలను.

మాది కంబదూరు పక్కన మెట్ట ఊరు. నేను అక్కడి అంగన్‌వాడీ టీచర్ని. పుట్టిల్లు ధర్మవరం. నాయన మగ్గం నేసి నన్ను అనంతపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివించాడు. ఈ ఉద్యోగం వచ్చిందని చెబితే, "చదివింది కెమిస్ట్రీ, చేసేది పప్పా?" అని నవ్వాడు. నాకు కోపం వచ్చింది. పప్పులో కూడా కెమిస్ట్రీ ఉంటుందని వాదించాను. ఆ మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఊరంతా కుంట కింద ఉన్న దిగుడు బావి నీళ్లే తాగేది. మెట్లు దిగి, కాళ్లు కడుక్కుని, అదే నీళ్లలో బిందె ముంచుకునేవాళ్లం. వాన పడితే కుంటలోని చెత్తంతా బావిలోకి చేరేది. వారం తిరగకముందే ఊళ్లో సగం మంది పిల్లలు చెంబులు పట్టుకుని కంచెల వైపు పరిగెత్తేవాళ్లు. రెండేళ్లు చూశాను. మూడో ఏడు ఆడవాళ్లందరినీ పోగుచేసి, ఖాళీ బిందెలతో మండలాఫీసు గేటు ముందు కూర్చోబెట్టాను. మూడు రోజులు కూర్చున్నాం. లోపలికి పోయేవాళ్లు బిందెల మధ్య కాలు పెట్టడానికి జాగా లేక ఎగిరెగిరి పోయారు. నాలుగో రోజు బోరు మంజూరైంది.

బోరు బండి రాళ్లు పిండి చేస్తూ దిగుతుంటే మగవాళ్లంతా చుట్టూ నిలబడి లోతు లెక్కపెట్టారు. మా సీమలో బోరు లోతు ఒక పరువు. ఎంత లోతునుంచి వస్తే నీళ్లు అంత శుద్ధమని, పైపైన ఊరేవి మురికి నీళ్లని అందరి నమ్మకం. నాదీ అదే నమ్మకం. నీళ్లు పైకి తన్నాయి. అందరూ దోసిళ్లు పట్టారు. అప్పుడు మా ఆయా ముందుకొచ్చింది. అంగన్‌వాడీలో వంట చేసేది ఆవిడే. నాకంటే పదేళ్లు పెద్దది, నోట్లో నాలాగే అరకిలో మిరపకాయలు.

"తాగితే ఏం తెలుస్తాది? బేడలు ఉడికించి చూడండి!"

మా దగ్గర నీళ్ల పరీక్ష అంటే అదే. కందిబేడలు, అదే కందిపప్పు, ఉడికితే మంచి నీళ్లు, ఉడక్కపోతే చెడ్డ నీళ్లు. అక్కడే మూడు రాళ్లు పెట్టి, బోరు నీళ్లు పోసి, బేడలు వేశాం. బావి నీళ్లలో మధ్యాహ్నం దాకా రాళ్లలా దొర్లే బేడలు, ఆ నీళ్లలో చూస్తుండగానే వెన్నలా కరిగిపోయాయి. ఆయా ఒక గరిటెడు తీసి, బోరు చూడటానికొచ్చిన మండలాఫీసరు చేతిలో వేసింది. ఆయన చెయ్యి కాలినా మింగాడు. చప్పట్లు. శాలువా. కెమిస్ట్రీ చదివిన మహాతల్లిని, ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి పరీక్షకు పంపిద్దామన్న ఆలోచన నాకు రాలేదు. బేడలు సాక్ష్యం చెప్పాక ఇంక కాగితం దేనికి?

ఆ బోరు నీళ్లు తాగే మా అమ్మాయి పుట్టింది, పెరిగింది. పదో తరగతి పరీక్షలకు ఫోటో కావాలంటే కల్యాణదుర్గం స్టూడియోకు తీసుకుపోయాను. పిల్ల నవ్వుతూ కూర్చుంది. ఫోటో తీసే ఆయన కెమెరా పక్కనుంచి తల బయటికి పెట్టి, "పాపా, నోరు మూసుకో," అన్నాడు.

ఆయనతో కొట్లాడదామని లేచాను. లేచి, మా అమ్మాయి వైపు చూశాను. అప్పటికే దాని చెయ్యి నోటికి అడ్డంగా పోయింది. ఎంత అలవాటుగా పోయిందో, ఆ చేతికి దారి తెలుసు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందని నాకు ముందునుంచీ తెలుసు. అణకువ అనుకున్నాను. నలుగురిలో మెచ్చుకున్నాను కూడా. ఆ రోజు చెయ్యి తీసి చూశాను. పై వరసలో పళ్లన్నీ తుప్పు పట్టిన రేకులా గోధుమ రంగు చారలు.

అటునుంచి అటే పళ్ల డాక్టరు దగ్గరికి పోయాం.

"ఏం నీళ్లు తాగుతారమ్మా మీరు?" అన్నాడాయన.

"బోరు నీళ్లు. చాలా మంచివి సార్."

"మంచివని ఎట్ల తెలుసు?"

"బేడలు వెన్న మాదిరి ఉడుకుతాయి!"

ఆయన చేతిలో అద్దం పక్కన పెట్టి నవ్వాడు. "మీరేం చదువుకున్నారమ్మా?" అన్నాడు. నేను పైకప్పు చూశాను. 

ఇది ఫ్లోరైడ్ పని అన్నాడు. పిల్లలకు పాలపళ్లు ఉన్నప్పుడే అసలు పళ్లు చిగుళ్ల లోపల తయారవుతుంటాయట. ఆ వయసులో కడుపులోకి పోయిన నీళ్లే వాటి రంగు రాసిపెడతాయట. "ఈ పాప పళ్లు ఇక మారవు. ఇప్పుడు మీ ఊళ్లో ఉయ్యాలలో ఉన్నవాళ్ల పళ్లు మార్చొచ్చు," అన్నాడు.

ఉయ్యాలలో ఎవరున్నారో నాకు బాగా తెలుసు. ఊళ్లోనే ఇచ్చిన కూతురికి ఆడపిల్ల పుట్టిందని మా ఆయా ఆ వారమే బెల్లం పంచింది. ఇంకో అయిదారు నెలలకు ఆ పిల్ల నోట్లో మొదటి పప్పుముద్ద పెడతారు. ఆ పప్పు ఉడికేది నేను తెప్పించిన నీళ్లలో. ఇంటికి పోయేదాకా బస్సులో నాకు అదే లెక్క. అయిదారు నెలలు.

మర్నాడే బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి నీళ్లు పరీక్షించేచోట ఇచ్చాను. పక్కనే పాడుపడిన దిగుడు బావి నీళ్లు కూడా, ముక్కు మూసుకుని, ఇంకో సీసాలో పట్టాను. ఎందుకంటే మొండితనం. లోతు నీళ్లు మంచివి కాకపోతే పై నీళ్లేమిటో చూద్దామని. వారం తర్వాత, అక్కడ పరీక్షలు చేసే పెద్దాయన రెండు కాగితాలూ నా ముందు పెట్టాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. బావి నీళ్లలో హద్దులోపలే. కానీ క్రిములు నిండా ఉన్నాయి.

"మరి బోరు నీళ్లలో బేడలెందుకు అంత బాగా ఉడికినాయి సార్?" అన్నాను, ఓడిపోతున్న వకీలులా.

"కొన్ని లోతు బోర్లలో సోడా గుణముంటాదమ్మా. దానికే బేడలు బిరీన ఉడుకుతాయి. ఆ గుణమే రాతిలోని ఫ్లోరైడ్‌ను గూడా కరిగించి తెస్తాది. మీ బేడలు అబద్ధం చెప్పల్యా. మీరు అడిగిందానికి చెప్పినాయి, అంతే."

"బావి నీళ్లకేం దారి?"

"క్రిములను చంపొచ్చు. ఫ్లోరైడ్‌ను చంపలేం. కాగబెడితే ఇంకా చిక్కబడతాది."

ఆ మాట పట్టుకుని గ్రామసభకు పోయాను. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. బావి పూడిక తీయించి, మెట్లు మూయించి, మూత పెట్టించి, మందు కలిపి, తాగడానికీ వంటకూ ఆ నీళ్లను వేరే కొళాయిల్లో ఇవ్వాలని, బోరు నీళ్లు స్నానాలకు, బట్టలకు ఉంచాలని చెప్పాను. మా సర్పంచి మంచి మాటకారి. చివరిదాకా విని, తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"ఏమ్మా టీచరమ్మా, ఈ బోరు కోసరం మూడు దినాలు ఆఫీసు గేటు కాడ కూచున్న పుణ్యాత్మురాలు ఎవురు? నేనా? ఇప్పుడు నువ్వే అది పనికిరాదంటాండావు. రేపు బావి గూడా వద్దంటావు. నీ నోటికి సరిపోను ఈ ఊర్లో ఎన్ని గుంతలు తవ్వల్ల?"

ఊరంతా నవ్వింది. ఆయా అందరికంటే గట్టిగా నవ్వింది. నేను రాసుకొచ్చిన వాదనల కాగితం నా చేతిలోనే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు అందులో లేదు. అందుకని మడిచి కొంగులో దోపుకున్నాను.

"నేనే సర్పంచన్నా. బోరు తెచ్చింది నేనే. బేడలు ఉడికినాయి కాబట్టి నీళ్లు మంచివని ఊరికి చెప్పింది నేనే. చదువుకున్నదాన్ని, కాగితం అడగాల్సింది. అడగల్యా. ఇన్నేండ్లూ ఈ బిడ్డలకు నా చేత్తో ఆ నీళ్లే పోసినా. అది నా తప్పు, ఇంతమందిలో ఒప్పుకుంటాండా. ఈ పొద్దు కాగితం చూసి గూడా గమ్మునుంటే, అది మాత్రం నా ఖాతాలో వెయ్యొద్దు. నీది."

నవ్వు ఆగింది. సర్పంచి కుర్చీలో కదిలాడు.

"నాకేం లేమ్మా. మేము డబ్బా నీళ్లు తాగతాండాం."

"తాగేది డబ్బా నీళ్లు. మీ ఇంట్లో సంగటి గెలికేది యా నీళ్లతో అన్నా? పప్పు ఉడికేది యా నీళ్లతో? నోటికి డబ్బా నీళ్లు, కడుపుకు బోరు నీళ్లా?"

ఈసారి నవ్వింది సర్పంచి భార్య. ఆవిడ నవ్వాక ఆడవాళ్లంతా నవ్వారు. ఆయనకు ఒళ్లు మండింది.

"కాగితం మీద ఎవురైనా ఏమన్నా రాస్తారు. యాడుండాది రుజువు? పండ్లు పాడయ్యేది ఆకువక్కకు, సరిగ్గా తోముకోకపోతే!"

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి మా అమ్మాయి లేచింది. తీసుకురావద్దనుకున్నాను, అదే వచ్చింది. పది మంది ఉన్నచోట మాట్లాడే పిల్ల కాదు. సర్పంచి ముందుకొచ్చి నిలబడింది.

"మామా, నేను ఆకువక్క యాడ తిన్నానో చెప్పు. ఫోటో తీసే ఆయప్ప నన్ను నోరు మూసుకోమన్నాడు. ఈడ మూసుకోను."

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పళ్లన్నీ కనపడేలా నవ్వింది. ఆ నవ్వు ఆ షామియానా కింద ఎవరికీ నవ్వులా కనపడలేదు. తల్లులు పక్కనున్న తమ పిల్లల గడ్డాలు పట్టుకుని నోళ్లు తెరిపించి చూసుకోవడం మొదలుపెట్టారు. సర్పంచి కూడా చూశాడు, వాళ్లబ్బాయి నోట్లో. చూసి, "తీర్మానం రాయప్పా," అన్నాడు కార్యదర్శితో.

తీర్మానం రాసినంత సులభంగా బావి తేలలేదు. ఉపాధి పని కింద మేమే దిగాం. పదిహేనేళ్లలో ఊరు ఆ బావికి ఏమేమి నైవేద్యం పెట్టిందో ఒక్కొక్కటే పైకొచ్చింది. స్కూటర్ టైర్లు, వినాయకుడి బొమ్మల ఇనుప చువ్వలు, పగిలిన పైపులు, జత లేని చెప్పులు, బ్రాందీ సీసాలు. సీసాలు పైకొచ్చినప్పుడల్లా గట్టుమీది మగవాళ్లు ఆకాశం వైపు చూశారు. ఒకరోజు బురదలో ఒక ఇత్తడి చెంబు దొరికింది. ఆయా దాన్ని చింతపండేసి తోమి, అంచు మీద సొట్ట చూసి కెవ్వుమంది.

"ఇది నాదే! కాపురానికొచ్చిన కొత్తల్లో జారిపోయింది. మా అత్త పాణం పొయ్యేదాంక ఈ చెంబు కతే చెప్పి సచ్చింది!"

"ఇప్పుడన్నా నమ్మినావా అక్కా, ఈ బావి మంచిదని?"

"చెంబు మంచిది. బావి సంగతి ఇంకా చూడల్ల," అంది ఆయా.

కుంట కట్టకు పడిన గండి పూడ్చాం. ఆ ఏడు వాన నా పక్షాన నిలిచింది. రెండు మంచి వానలకు కుంట నిండింది, దాని కింద బావిలో కొత్త నీళ్లు ఊరాయి. మెట్లు మూసేశారు, పైన ఇనుప మూత బిగించారు, మోటారు పెట్టి వీధి కొళాయిలకు పైపులు లాగారు. బ్లీచింగ్ కలిపి, మళ్లీ పరీక్షకు పంపించాం. ఈసారి కాగితం నేనే నాలుగుసార్లు చదివాను. క్రిములు లేవు. ఫ్లోరైడ్ హద్దులో ఉంది. ఇంక గెలిచామనుకున్నాను.

బేడల సంగతి మరచిపోయాను.

మొదటి వారంలోనే ఆడవాళ్లు అంగన్‌వాడీ ముందు దండు కట్టారు. "టీచరమ్మా, నీ బావి నీళ్లలో బేడలు గులకరాళ్ల మాదిరి ఎగరతాండాయి!" "ఆరు విజిళ్లు! నా కుక్కరుకే విసుగొచ్చింది!" "గ్యాసు నువ్వు పంపిస్తావా?" సగం ఇళ్లు మళ్లీ బోరు నీళ్లతో వంట మొదలుపెట్టాయి. ఉడకని బేడల ముందు నా కాగితాలన్నీ ఓడిపోయాయి. నేను ప్రతి ఇంటికీ పోయి వాదించాను. తలూపారు, కుక్కరులో బోరు నీళ్లు పోసుకున్నారు.

ఒకరోజు అంగన్‌వాడీలో పిల్లల కంచాల్లో పప్పు వడ్డిస్తుంటే గరిటె ఆగింది. పప్పు మరీ మెత్తగా ఉంది. వెన్నలా ఉంది. మూడు విజిళ్లే వినపడ్డాయని అప్పుడు గుర్తొచ్చింది.

"అక్కా, ఇది యా నీళ్లు?"

"ఏ నీళ్లయితేనేం? బిడ్డలు మెత్తగా తింటాండారు."

"బోరు నీళ్లు పోసినావు!"

"పోసినా! పాలపండ్ల బిడ్డలకు రాళ్లు పెట్టమంటావా? నీ కాగితం నమలమంటావా?"

కంచాలన్నీ వెనక్కి తీసి పప్పు గిన్నె బయట పెట్టాను. ఆ రోజు పిల్లలకు గుడ్డు, మజ్జిగన్నం. ఆయా కొంగు బిగించి గడప దాటుతుంటే వెనకనుంచి అన్నాను.

"శుక్రవారం నీ మనవరాలికి అన్నం ముట్టిస్తాండారు కదా. ఆ మొదటి ముద్ద యా నీళ్లతో ఉడికిస్తావో నువ్వే తేల్చుకో. నేను రాను, అడగను. నా బిడ్డకైతే నేను తెలియక పోసినా. నీకు తెలుసు."

ఆయా వెనక్కి తిరగకుండా పోయింది. రెండు రోజులు పనికి రాలేదు. నేనే వండాను. నా వంట తిన్న పిల్లలు ఆయా ఎప్పుడొస్తుందని అడిగారు.

శుక్రవారం పొద్దున్నే అంగన్‌వాడీ తలుపు తీసేసరికి ఆయా మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో మనవరాలు, పక్కన ఆ సొట్ట పడిన ఇత్తడి చెంబు. చెంబులో ఉబ్బి పసుపురంగు తేలిన కందిబేడలు.

"రాత్రే బావి నీళ్లలో నానేసినా. ఉడికేటప్పుడు ఒగ చుక్క ఆముదం వెయ్యల్ల. మా అత్త అట్లే చేస్తాండె. బోరొచ్చినంక ఎవురికి గుర్తుండాది?" అంది, నా వైపు చూడకుండా. "ఈడ్నే ఉడికిస్తాం. ఇంట్లో అయితే నమ్మవు నువ్వు."

కుక్కరు పెట్టాం. మూడు విజిళ్లు. నాలుగో విజిలుకు ఆయా పొయ్యి ఆపింది. మూత తీసి, రెండు వేళ్ల మధ్య ఒక బేడ నలిపింది. నలిగిపోయింది. ఇంకోటి నలిపి నా మూతి ముందు పెట్టింది.

"ఏం టీచరమ్మా? నీ కెమిస్ట్రీలో ఇది చెప్పల్యానా?"

చెప్పలేదు. ఆ మాటే అన్నాను. ఆయా మొదటి ముద్ద అంగన్‌వాడీ గడపలోనే ఆ పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల మొహం చిట్లించి, సగం ఉమ్మి, సగం మింగింది. ఆ మింగిన సగం నాకు చాలు.

ఆ తర్వాత నేను ఎవరితోనూ వాదించాల్సిన పనిలేకపోయింది. ఆయాయే ఇల్లిల్లూ తిరిగి, "బేడలు నానేసినావా? ఏంటికి నానెయ్యల్యా? పొద్దంతా ఫోనులో మాట్లాడతావు, గుప్పెడు బేడలు నీళ్లలో వేసేకి చేతులు రావా?" అని తగులుకుంది. నా తిట్లకు లొంగని ఊరు ఆవిడ తిట్లకు లొంగింది. నాకు కొంచెం అసూయ కలిగింది, నిజం చెప్పాలిగా. బ్లీచింగ్ వాసన అని గొణిగారు, గొణిగి గొణిగి అలవాటు పడ్డారు. బావి నీళ్లు తగ్గిన వేసవిలో కొళాయి పూట మార్చి పూట వదిలాం. నీళ్లు మాత్రం ఆర్నెల్లకోసారి పరీక్షకు పోతూనే ఉన్నాయి. సీసా నేనే పట్టి, నేనే ఇస్తాను. బేడలను మళ్లీ సాక్ష్యానికి పిలవలేదు.

కానీ అసలు తీర్పు రావాలంటే పళ్లు రాలాలి. పాలపన్ను ఊడి, దాని చోట రెండోది మొలిచేదాకా ఎవరు గెలిచారో తెలియదు. ఏళ్ల తరబడి ఆయా మనవరాలు నవ్వినప్పుడల్లా నేను పళ్లు లెక్కపెట్టుకున్నాను. అంగన్‌వాడీ దాటి బడికి పోయింది. ఒక వర్షాకాలంలో పై వరస ముందు పన్ను ఊగింది, ఊడింది. నెలన్నర ఆ సందులో ఏమీ లేదు.

నిన్న మొన్నటి మాట. మధ్యాహ్నం పిల్లలకు వడ్డిస్తున్నాం. ఆయా మనవరాలిని బడినుంచి చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. పిల్ల రెండో చేతిలో అప్పుడే ఊడిన రెండో పన్ను పట్టుకుని ఉంది.

"నోరు తెరువ్వే! టీచరమ్మకు చూపీ!"

సెలవుకు వచ్చి మాతో పాటు వడ్డిస్తున్న మా అమ్మాయి కూడా గరిటెతోనే వచ్చింది. అది ఇప్పుడు నర్సింగ్ ఆఖరి ఏడు చదువుతోంది. పిల్లను ఎండలోకి తీసుకుపోయి, పై పెదవి బొటనవేలితో ఎత్తాను. చీరకొంగుతో తుడిచి మళ్లీ చూశాను. సందులో కొత్త పన్ను సగం దిగింది. అంచు చిన్న రంపంలా ఉంది. చార లేదు. మచ్చ లేదు. పాలగిన్నె అంత తెల్లగా ఉంది. మా అమ్మాయి నన్ను పక్కకు నెట్టి తను చూసింది.

"అమ్మా, ఈ పాప ఫోటో దిగేటప్పుడు నోరు మూసుకోవాల్సిన పని లేదు," అని నవ్వింది. చేతిలో గరిటె ఉందో, మరేమో, చెయ్యి నోటికి అడ్డం రాలేదు.

"సూసినావా! నేను నానేసిన బేడలు!" అంది ఆయా.

"బావి పూడిక ఎవరు తీయించినారు అక్కా?"

"బోరు ఎవరు వేయించినారు?"

ఇద్దరం గడపలో అరుచుకుంటుంటే పిల్లలు అన్నం తినడం ఆపి చూశారు. ఈలోపు మా అమ్మాయి వాకిట్లోంచి చిటికెడు పేడ తెచ్చి, ఊడిన పన్ను అందులో పెట్టి ఉండ చేసింది. ఊడిన పన్ను ఇంటిమీదికి వేస్తే మంచి పన్ను వస్తుందని మా నమ్మకం. ఈ నమ్మకంతో నాకు తగాదా లేదు, దీనికి నీళ్ల పరీక్ష అక్కర్లేదు. ఆయా ఉండ తీసుకుని, "దీని మాదిరే రెండోది గూడా ఇయ్యప్పా," అంటూ అంగన్‌వాడీ మిద్దె మీదికి విసిరింది. గోడకు తగిలి ఆవిడ కాళ్ల దగ్గరే పడింది.

"ఇట్లియ్యి," అని నేను తీసుకున్నాను. కొంగు బిగించి, రెండడుగులు వెనక్కి వేసి విసిరాను. ఉండ పిట్టగోడ దాటి మిద్దె మీద ఎక్కడో పడింది.

"చూసినావా?" అన్నాను ఆయాతో.